పాత యాంటీఫౌలింగ్ రంగు: మొత్తం గీకేయాలా, ఊడే చోట తీసి పైన వేసేస్తే చాలా?

లంగరు:
30 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ. అడుగున నాచు, గవ్వలు పట్టకుండా ఏటేటా యాంటీఫౌలింగ్ రంగు మీద రంగు వేయడంతో ఇప్పుడు అడుగున పెచ్చులు లేస్తున్నాయి. ఒకరు సోడా బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో సోడా పొడి కొట్టి రంగు ఊడగొట్టడం) చేయించమంటారు, ఇంకొకరు శాండర్‌తో నునుపు చేసి పైన కొత్తది కొట్టేయమంటారు. ఫైబర్‌గ్లాస్ పైనుండే నున్నటి పొర, అదే జెల్‌కోట్, పాడవకుండా ఏది మేలు?

చుక్కాని:
పనిముట్టు సంగతి తర్వాత, ముందు మొత్తం తీయాల్సిన అవసరం ఉందో లేదో తేల్చుకోండి. గట్టిగా ఉన్నట్టు కనిపించే నాలుగైదు చోట్ల కత్తితో రంగు వరకే చిన్న గళ్లు గీసి, మంచి టేప్ అంటించి ఒక్కసారిగా లాగండి. రంగు రాకపోతే ఆ చోటు 80 గ్రిట్ గరుకు కాగితంతో గరుకు చేసి కొత్తది వేసుకోవచ్చు. అయితే కొత్త రంగు పాతదానికి పొసగాలి, డబ్బా మీద రాసి ఉంటుంది చూడండి. పొసగకపోతే మధ్యలో రెండింటినీ కలిపి పట్టే టై కోట్ పొర పడాల్సిందే.

గీకుడురాయుడు:
చుక్కాని గారూ, పెచ్చులు మొదలయ్యాక అతుకులేస్తే ఆ పని ఏటా చేస్తూనే ఉండాలి. కొత్త రంగు ఆరేటప్పుడు బిగుసుకుని, పట్టు వదిలిన కింది పొరను కూడా లాక్కొస్తుంది. నా ఓటు కార్బైడ్ స్క్రేపర్‌కే. బ్లేడు మూలలు ముందే గుండ్రం చేసుకోండి, లేదంటే జెల్‌కోట్ మీద గీతలు పడిపోతాయి. కార్బైడ్ మామూలు ఆకురాయికి లొంగదు, డైమండ్ ఫైల్ కావాలి. మీ వైపుకి లాగుతూ, పొడుగాటి పట్లు పట్టండి. లోపలికి వంపు ఎక్కువున్న చోట సన్న బ్లేడు వాడండి, వెడల్పుది అక్కడ మధ్యలో ఆనదు, మూలలు దిగుతాయి. పొర లేవడం మానేసి పొడి రాలుతోందంటే బ్లేడు మొద్దుబారినట్టే. అప్పుడు ఇంకా గట్టిగా నొక్కడమే అందరూ చేసే తప్పు.

సోడాపొడి:
పడవ మొత్తం చేత్తో గీకితే భుజాలు మిగలవు. సోడియం బైకార్బొనేట్ మెత్తటిది, పని తెలిసినవాడి చేతిలో జెల్‌కోట్ నిలుస్తుంది.

గీకుడురాయుడు:
“పని తెలిసినవాడు” దొరికితేనే కదా! నాజిల్ ఒకే చోట ఆగితే జెల్‌కోట్‌కి గుంటలు పడతాయి. పైగా సోడా మిగిలిపోతే ఎపాక్సీ పట్టదు. మంచినీళ్లతో బాగా కడిగి, ఆరాక 80 గ్రిట్ పట్టందే ప్రైమర్ జోలికి వెళ్లకూడదు.

సోడాపొడి:
కడగాలన్నది ఒప్పుకుంటాను. కానీ బ్లాస్టింగ్‌లో బయటపడే గాలి బుడగలు చాలావరకు ముందు నుంచీ జెల్‌కోట్ కింద ఉన్నవే. కనబడితే ఎపాక్సీ ఫిల్లర్‌తో పూడ్చుకోవచ్చు, అది నష్టమేమీ కాదు.

పొరలవారు:
రంగును మెత్తబరిచి ఊడదీసే రసాయనాన్ని అందరూ మర్చిపోయారు. మిథిలీన్ క్లోరైడ్ ఉన్నది మాత్రం వద్దు, అది జెల్‌కోట్‌నీ మెత్తబరుస్తుంది. ఫైబర్‌గ్లాస్‌కి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి. ముందు అరచేయంత గళ్లు మూడు నాలుగు చేసి పూసి, ఒకదాన్ని రెండు గంటలకీ, ఇంకొకదాన్ని నాలుగు గంటలకీ, మరొకదాన్ని రాత్రంతా ఉంచాకా గీకి చూడండి. మీ రంగుకి ఎంత సమయం పడుతుందో తేలిపోతుంది. పలచగా రాస్తే ఆరిపోయి పనిచేయదు, మందంగా పూసి ప్లాస్టిక్ షీటు కప్పాలి. చలిలో చాలా నెమ్మది. పొరలు ఎక్కువైతే రెండు దఫాలు తప్పదు.

చుక్కాని:
ఒక్క మాట: ఏ పద్ధతైనా దుమ్ము విషమే. అందులో కాపర్ ఆక్సైడ్ ఉంటుంది. పడవ మరీ పాతదైతే కింది పొరల్లో ట్రైబ్యూటైల్‌టిన్ అనే విషపు తగరం సమ్మేళనం కూడా ఉండొచ్చు. దాన్ని నిషేధించిన అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి, 2008లో అమల్లోకి వచ్చింది. గుడ్డ మాస్క్ చాలదు, సన్న దుమ్మును ఆపే పీ3 ఫిల్టర్ ఉన్న హాఫ్ మాస్క్ పెట్టుకోండి. శాండర్‌కి వాక్యూమ్ తగిలించండి, కింద టార్పాలిన్ పరచండి. పడవ నీళ్లలోంచి తీసి కడిగిన వెంటనే, రంగు తడిగా ఉండగానే గీకితే దుమ్ము తక్కువ లేస్తుంది. హీట్ గన్ ఊసే ఎత్తకండి.

లంగరు:
టేప్ పెట్టి చూశాను. వాటర్‌లైన్ (నీటి మట్టం) దగ్గర గట్టిగానే ఉంది. కీల్ (పడవ అడుగున ఉండే వెన్ను) పక్కన, అడుగున మాత్రం పొరలు పొరలుగా ఊడొచ్చింది.

చుక్కాని:
అయితే గీకుడురాయుడు గారిదే సరి, మొత్తం తీసేయండి. కింద ప్రైమర్ రంగు కనబడగానే స్క్రేపర్ ఆపి, మిగిలిన మరకలకు 80 గ్రిట్ వాడండి. 40 గ్రిట్ వద్దు. జెల్‌కోట్ మందం సుమారు అర మిల్లీమీటరే, శాండర్ ఒక చోట నిలిపితే ఇట్టే తెగుతుంది.

గీకుడురాయుడు:
పడవను నిలబెట్టిన స్టాండ్ల ప్యాడ్ల కింద రంగు మిగిలిపోతుంది. వాటిని సొంతంగా జరపకండి, యార్డు వాళ్లతో ఒక్కొక్కటిగా మార్పించండి. కొత్త రంగు వేసేటప్పుడు యానోడ్‌ల (తుప్పును తమ మీదకు తీసుకునే లోహపు ముక్కలు) మీద చుక్క కూడా పడనీయకండి. అల్యూమినియం సెయిల్‌డ్రైవ్ (పడవ కిందకి దిగే ప్రొపెల్లర్ కాలు) ఉంటే దానికి కాపర్ ఆక్సైడ్ లేని రంగే కొనండి, లేదంటే లోహాన్ని తినేస్తుంది.