లైబ్రేరియన్ విదేశీ పర్యటనకు గ్రంథాలయ నిధి నుంచి డబ్బు ఇవ్వవచ్చునా?

హనుమకొండ పాఠకుడు:
మా ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయం తన లైబ్రేరియన్లలో ఒకరిని, వృత్తిపరమైన పరస్పర సందర్శన పేరుతో, అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి నెల రోజులు పంపాలని ఆలోచిస్తోంది. బస ఏర్పాటు అక్కడివారిది. విమాన ఖర్చు మాత్రం ఇక్కడ పుస్తకాలు కొనే నిధి నుంచే ఇవ్వాలట. పంపాలన్నదే నా అభిప్రాయం. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం గణితం బోధిస్తున్న ఎస్.ఆర్. రంగనాథన్‌ను లైబ్రేరియన్‌గా నియమించి, ఆ ఏడాదే లండన్‌కు పంపింది. ఆయన అక్కడ గ్రంథాలయ శాస్త్రం చదివి, అనేక గ్రంథాలయాల పని తీరును దగ్గరగా చూసి, 1925లో తిరిగి వచ్చారు. 1931లో ఆయన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలు, 1933లో పుస్తకాలను విషయం ప్రకారం వర్గీకరించే కోలన్ పద్ధతి వెలువడ్డాయి. కోలన్ పద్ధతికి మూలమైన ఊహ లండన్‌లోని ఒక పెద్ద దుకాణంలో ముక్కలు బిగించి రకరకాల బొమ్మలు చేసుకునే మెకానో సెట్టును చూసినప్పుడు తట్టిందని ఆయనే చెప్పుకున్నారు. ఊరు కదలకుండా ఉంటే ఇది జరిగేదా?

విశ్రాంత గ్రంథపాలకుడు, కరీంనగర్:
రంగనాథన్ గారి ఉదాహరణ ఇక్కడ అతకదు. ఆయన వెళ్లేనాటికి ఆ వృత్తిలో ఏ శిక్షణా లేదు, వెళ్లింది నెలల తరబడి చదువుకోవడానికి. ఈనాడు మన దగ్గర గ్రంథాలయ శాస్త్రంలో పట్టాలు పొంది ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నవారికి కొరత లేదు. న్యూజిలాండ్‌లోని హొరోవెనువా గ్రంథాలయం కోసం తయారై, 2000లో వాడుకలోకి వచ్చిన కోహా అనే గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఉచితం కనుక మన కళాశాలలకు కూడా వచ్చింది. దాన్ని తెచ్చుకోవడానికి ఎవరూ విమానం ఎక్కవలసిన పని పడలేదు. నిజాం పాలనలో, తెలుగు చదువుకు ఆదరణ కరువైన రోజుల్లో, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయాన్ని నిలబెట్టినవారు ఏ విదేశం చూసి వచ్చారు? పంపడం కంటే పిలిపించడం మేలని నేనంటాను. బరోడా మహారాజు శాయాజీరావు 1910లో అమెరికా నుంచి విలియం బోర్డెన్ అనే గ్రంథపాలకుణ్ని రప్పించారు. ఆయన 1913 వరకు అక్కడే ఉండి సంస్థానమంతటికీ గ్రంథాలయ వ్యవస్థను అమర్చడమే కాక, స్థానికులకు శిక్షణ తరగతులు కూడా నడిపారు. ఒకరు వెళ్లివస్తే ఒకరికే తెలుస్తుంది, ఒకరు వస్తే పదిమందికి తెలుస్తుంది.

పరిశోధక విద్యార్థిని, వరంగల్:
ఇద్దరూ మనం నేర్చుకోవలసిన దాని గురించే మాట్లాడుతున్నారు. మనం చెప్పగలిగేది, అక్కడి నుంచి రాబట్టుకోవలసినది కూడా ఉన్నాయి. అమెరికా మన దేశానికి అమ్మిన ఆహారధాన్యాల మీద పోగైన రూపాయలతో, 1962 నుంచి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం ద్వారా భారతీయ భాషల పుస్తకాలను కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. ఆ ధాన్యం వచ్చిన పీఎల్ 480 పథకం అంటే గోధుమలే గుర్తుకొస్తాయి కానీ, ఆ దారిలో తెలుగు పుస్తకాలు, పత్రికలు కూడా వెళ్లాయి. తెలుగు బోధించిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల అవి ఇప్పటికీ ఉన్నాయి. ఇక్కడ చెదలు పట్టినవో, స్థలం లేదని తూకానికి వెళ్లినవో అక్కడ అట్టలు కట్టించుకుని భద్రంగా ఉండవచ్చు. వాటిలో కొన్నింటిని స్కాన్ చేసి 2008లో మొదలైన హాతీ ట్రస్ట్ అనే డిజిటల్ గ్రంథాలయంలో చేర్చారు. అయితే కాపీరైటు జాగ్రత్తల వల్ల చాలావాటిని ఇక్కడి నుంచి తెరిచి చదవలేము. వెతికిన మాట ఏ పేజీలో ఉందో చూపించి ఊరుకుంటుంది. అక్కడి కేటలాగులో తెలుగు శీర్షికలు రోమన్ లిపిలో, అక్షరాల పైనా కిందా గుర్తులతో ఉంటాయి. తెలుగు లిపిలో వెతికితే అన్నీ దొరకవు. మన దగ్గర కేటలాగు పని చేసిన మనిషి ఆ బీరువాల ముందు నెల రోజులు కూర్చుంటే, ఏ పత్రిక ఏ సంచికలు అక్కడ ఉన్నాయో, వాటిలో మన దగ్గర లేనివి ఏవో జాబితా రాసుకోవచ్చు, వారి తప్పులనూ దిద్దవచ్చు. మరుసటి ఏడాది అక్కడి దక్షిణాసియా విభాగం గ్రంథపాలకులు వరంగల్‌కు వచ్చి, ఇక్కడి పాత భాషానిలయాలలో ఏమున్నదో చూడాలి. ఈ రెండో సగం లేకపోతే దాన్ని పరస్పర సందర్శన అనడంలో అర్థం లేదు.

డిగ్రీ కళాశాల లైబ్రేరియన్, జగిత్యాల:
అయితే ఎవరిని పంపుతారన్నది ముందు తేలాలి. సాధారణంగా ఇలాంటి అవకాశం పదవీ విరమణకు దగ్గరపడిన పెద్దవారికే వెళ్తుంది, నేర్చుకున్నది వారితోనే ఇంటికి పోతుంది. పైగా అక్కడ ఆశ్చర్యపరిచేవన్నీ ఇక్కడికి పనికిరావు. ఇల్లినాయి విశ్వవిద్యాలయానికి ఉన్నటువంటి గోదాము తరహా నిల్వ కేంద్రంలో పుస్తకాలను విషయం ప్రకారం కాక పరిమాణం ప్రకారం పెట్టెల్లో పేర్చి, బార్‌కోడ్ ఆధారంగా తీసి ఇస్తారు. లక్షల పుస్తకాలకు చోటు చాలనివారికి అది అవసరం. మన చదువరికి ర్యాకు ముందు నిలబడి నాలుగు పుస్తకాలు తిరగేసే వీలు ముఖ్యం. తెచ్చుకోదగినది వేరే ఉంది. అక్కడ ఒక్కో సబ్జెక్టుకు ఒక లైబ్రేరియన్ బాధ్యత వహించి, ఆ శాఖ అధ్యాపకులతో, పరిశోధకులతో కలిసి పనిచేస్తారు. మన దగ్గర పఠన మందిరమంతా గ్రూప్స్ పరీక్షల అభ్యర్థులతో, వారు ఇంటి నుంచి తెచ్చుకున్న పుస్తకాలతో నిండి ఉంటుంది. వారికి ఆ కుర్చీ, ఆ ఫ్యాను ఎంత అవసరమో నాకు తెలుసు, వారిని తప్పుపట్టడం లేదు. కానీ పరిశోధకుడు వచ్చి ఒక ప్రశ్న అడిగితే కూర్చుని జవాబు వెతికిపెట్టే మనిషి ఏడీ?

విశ్రాంత గ్రంథపాలకుడు, కరీంనగర్:
పత్రికల జాబితా విషయంలో ఆ అమ్మాయి చెప్పింది నాకు నచ్చింది, అంతవరకు ఒప్పుకుంటున్నాను. కానీ ఆ జాబితాలో సగం పని ఇక్కడ కూర్చునే, అక్కడివారితో ఈ-మెయిళ్ల ద్వారా చేయవచ్చు కదా. ముందు అది చేసి చూపించి, మిగిలిన దానికి వెళ్లమనండి. ఇక జగిత్యాల మిత్రులు అడిగిన మనిషి గురించి అంటారా, ఆ పోస్టు ఖాళీగా ఉన్నది నియామకాలు జరగక. పొరుగు సేవల సిబ్బందితో కౌంటరు నడుపుతున్న చోట, ఉన్న ఒక్క అర్హుడినీ నెల రోజులు పంపిస్తే ఆ నెల ప్రశ్నలకు ఎవరు సమాధానం చెబుతారు?

హనుమకొండ పాఠకుడు:
మూడు షరతులకు నేను సిద్ధం: వెళ్లే వ్యక్తికి ఇంకా కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి; ఇక్కడ లేని తెలుగు పత్రికల తొలి జాబితాను బయలుదేరే ముందే తయారుచేయాలి; అక్కడివారు తిరిగి ఇక్కడికి వస్తామన్న హామీ ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. నిధి విషయం మాత్రం ఇంకా తేలలేదు. పుస్తకాల పద్దు ముట్టకుండా, అధ్యాపకుల విదేశీ సదస్సులకు ఇచ్చే పద్దు నుంచే లైబ్రేరియన్‌కూ ఇవ్వాలంటే, ముందు లైబ్రేరియన్‌ను బోధన సిబ్బందితో సమానంగా చూడాలి. దానికి మన అధ్యాపక మిత్రులు ఒప్పుకుంటారా, ఇక్కడ చదువుతున్నవారెవరైనా చెప్పగలరా?