కబడ్డీ కోర్టులో కామెడీ: ఆటకు ఊపా, పరువు తక్కువా?

ముమ్మిడివరం కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. సంక్రాంతికి మా ఊళ్లో నైట్ కబడ్డీ పెడుతున్నాం. చందాలు వచ్చేశాయి, లైట్లవాడికి అడ్వాన్సు ఇచ్చేశాం, కమిటీ మాత్రం రెండుగా చీలింది. గొడవంతా ఒక రైడర్ గురించి. పేరు వద్దులెండి, కోనసీమలో టోర్నమెంట్లు తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు. ముసలాడిలా నడుం పట్టుకుని కోర్టులోకి వస్తాడు, లేని మీసం మెలేస్తాడు, పాయింట్ వస్తే ఎదుటి క్యాచర్‌కి దణ్ణం పెట్టి మరీ వెనక్కి తిరుగుతాడు. అతనికి తోడు మైకులో ఒక మిమిక్రీ ఆయన. వీళ్లిద్దరూ లేకపోతే జనం రారని ఒక వర్గం. 1990 నుంచి ఆసియా క్రీడల్లో ఉన్న ఆట, 2014లో ప్రో కబడ్డీ వచ్చాక టీవీలోనూ మర్యాద తెచ్చుకున్న ఆట, దాన్ని పట్టుకుని రికార్డింగ్ డ్యాన్స్ చేస్తారా అని ఇంకో వర్గం. నాకైతే ఎటూ తేలడం లేదు. మొహమాటం లేకుండా చెప్పండి.

పాలకొల్లు బాబాయ్:
అబ్బాయ్, గోదావరి జిల్లాల్లో ఆట పెట్టి వెటకారం వద్దంటే ఎలాగయ్యా? ఆ కుర్రాడి రైడ్ నేను దగ్గర్నుంచి చూశాను. ఎదుటి జట్టులో ఏడుగురూ ఉన్నారు. వీడు మోకాలు పట్టుకుని కుంటుకుంటూ ఎడమ కార్నర్, అంటే ఆ చివర కాపలా ఉన్న కుర్రాడి దగ్గరికి వెళ్లాడు. జనం ఒకటే నవ్వు. కార్నర్ కుర్రాడికీ నవ్వు ఆగలేదు, నవ్వుతూనే ఒళ్లంతా ముందు కాలి మీదకి తెచ్చేశాడు. వీడికి కావాల్సిందే అది. ఇందాకటి నుంచి కుంటుతున్న కాలే బోనస్ గీత దాటింది, వెనక కాలు గాల్లో ఉంది. అది చూసి కార్నర్ కుర్రాడు తుళ్లిపడి మీదకి వచ్చేసరికి, వాడి భుజానికి వేలు తగిలించి మధ్యగీత ఇవతల పడ్డాడు. బోనస్‌కి ఒకటి, తాకినందుకు ఒకటి, రెండు పాయింట్లు. ఎదుటివాణ్ణి ఏమార్చడమే కదా రైడర్ పని. ఒకడు భుజం ఊపి ఏమారుస్తాడు, వీడు నవ్వించి ఏమార్చాడు. బుర్రకథలో హాస్యగాడు పక్కనున్నాడని కథకుడి పరువు ఎప్పుడైనా పోయిందా?

విజిల్ మాస్టారు:
బాబాయ్ గారూ, రైడ్ బాగా చెప్పారు గానీ కూత సంగతి వదిలేశారు. చాలా ఏళ్లు రిఫరీగా చేసినవాణ్ణి, నాకు ముందు అదే చెవినపడుతుంది. మధ్యగీత దాటిన దగ్గర్నుంచి తిరిగి వచ్చేదాకా ‘కబడ్డీ, కబడ్డీ’ అని వినపడేలా అంటూనే ఉండాలి. ఈయన సగం రైడ్‌లో కూత ఆపి సినిమా పాట అందుకుంటాడు. అలాంటప్పుడు వెనక్కి పంపి, ఎదుటి జట్టుకి పాయింటూ, రైడ్ చేసే అవకాశమూ ఇవ్వాలి. ఊళ్లో ఆ విజిల్ ఊదితే జనం రిఫరీ మీదకి వస్తారు. అందుకని చాలామంది విననట్టు నటిస్తారు. నా బాధ జోకులతో కాదు. గీత దాటేవరకూ ముసలాడిలా నడవనీ, గుర్రంలా ఎగరనీ. గీత దాటాక కూత ఆగకూడదు. ఒక్కడి కోసం రూలు పక్కన పెట్టారంటే, బయటి ఊరి నుంచి వచ్చిన జట్టు మన టోర్నమెంట్ గురించి ఏమని చెప్పుకుంటుంది?

రావులపాలెం ఓపెనర్:
ఆటతో సరదాలాడితే పరువు పోతుందనేవాళ్లు 2005 ఫిబ్రవరి ఒకసారి గుర్తు చేసుకోండి. ఆక్లాండ్‌లో పురుషుల మొట్టమొదటి అంతర్జాతీయ టీ20, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. ఆటగాళ్లు 1980ల నాటి డ్రెస్సులతో, పెంచిన మీసాలతో, విగ్గులతో దిగారు. చివర్లో ఆస్ట్రేలియా బౌలర్ మెక్‌గ్రాత్ అండర్ ఆర్మ్ బంతి, అంటే నేల మీద దొర్లించే బంతి వేయబోయినట్టు నటించాడు. 1981లో ట్రెవర్ చాపెల్ న్యూజిలాండ్ మీద వేసిన ఆ చెడ్డ బంతికి వెక్కిరింపు అది. అంపైర్ బిల్లీ బౌడెన్ జేబులోంచి ఫుట్‌బాల్లోలా ఎర్రకార్డు తీసి చూపించాడు. స్టేడియమంతా గొల్లుమంది. అంత తమాషాగా మొదలైన ఆటకి 2007లో ప్రపంచ కప్ పెట్టారు, ఆ తర్వాతి ఏడాది ఐపీఎల్ వచ్చింది. ఎక్కడ పోయిందండీ పరువు? ఇంకో మాట. ఔట్ ఇచ్చేటప్పుడు బౌడెన్ ఎత్తే వంకర వేలు చూసి అందరూ వేషమనుకునేవారు, అతనికి కీళ్లవాతం, వేలు పూర్తిగా చాచలేడు.

కాకినాడ బాస్కెట్‌బాల్:
క్రికెట్‌కి అప్పటికే వందేళ్ల పరువు ఉంది, ఓ రోజు ఆటలు పట్టిస్తే ఏమీ కాదు. కబడ్డీకి సరిపోయే లెక్క నేను చెప్తాను. హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్ అని అమెరికాలో నల్లజాతి ఆటగాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు. బంతి వేలి మీద తిప్పడం, రిఫరీని ఆటపట్టించడం, ప్రేక్షకుల మీద నీళ్లని చెప్పి కాగితం ముక్కలు చల్లడం వాళ్ల పేటెంట్. వాళ్లే 1948లో మినియాపొలిస్ లేకర్స్ లాంటి మేటి జట్టుని ఓడించారు, 1949లో మళ్లీ ఓడించారు. 1950లో ఎన్‌బీఏ, అంటే అక్కడి పెద్ద లీగ్ తలుపులు నల్లవాళ్లకి తెరుచుకున్నప్పుడు స్వీట్‌వాటర్ క్లిఫ్టన్ ఈ జట్టు నుంచే న్యూయార్క్ నిక్స్‌కి వెళ్లాడు. ఇంతవరకూ బాబాయ్ గారి పక్షమే. తర్వాత ఏమైందంటే, మంచి ఆటగాళ్లు ఎన్‌బీఏకి వెళ్లడం మొదలయ్యాక ఇక్కడ ఆట తగ్గి తమాషా మిగిలింది. నల్లవాళ్లంటే నవ్వించేవాళ్లే అన్న పాత అభిప్రాయాన్ని వీళ్లే మోస్తున్నారని సొంతవాళ్లే తిట్టారు. ఆట ఆడేవాడు ఇంతకుముందే జనానికి చులకనైతే, కామెడీ ఆ చులకనని ఇంకాస్త పెంచుతుంది.

లంక పిల్లోడు:
పెద్దగా ఆలోచించకండి అన్నయ్యలూ. మన అమలాపురం సాత్విక్ చూడండి, 2023లో బ్యాడ్మింటన్ డబుల్స్‌లో కొరియా ఓపెన్ గెలిచి జోడీ చిరాగ్‌తో కలిసి పోడియం మీదే స్టెప్పులేశాడు. అదే ఏడాది ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ నంబర్ వన్. బ్యాడ్మింటన్ పరువేమీ పోలేదు.

విజిల్ మాస్టారు:
గెలిచాక వేసిన స్టెప్పు అది, తమ్ముడూ. ర్యాలీ మధ్యలో వేయలేదు.

అంబాజీపేట సెంటర్:
నవ్వులపాలైతే ఏమవుతుందో పారిస్‌లో చూశాం కదా. 2024లో బ్రేకింగ్, అదే బ్రేక్ డ్యాన్స్, మొదటిసారి ఒలింపిక్స్‌కి వచ్చింది. ఆస్ట్రేలియా నుంచి రేగన్ అనే ఆవిడ కంగారూలా గెంతింది, ఒక్క పాయింటూ రాలేదు. ప్రపంచమంతా నవ్వింది. ఆ దెబ్బకి 2028 నుంచి ఆ ఆటనే తీసేశారు.

కాకినాడ బాస్కెట్‌బాల్:
అది కాదండి. లాస్ ఏంజెలెస్ ఆటల జాబితా 2023లోనే ఖాయమైంది, బ్రేకింగ్ అందులో లేదు. ఆవిడ గెంతక ముందే తీసేశారు. పైగా ఆవిడ కామెడీ చేద్దామని రాలేదు. కాకపోతే ఒకటి నిజం, స్వర్ణం గెలిచిన జపాన్ అమ్మాయి అమీ పేరు మనలో ఎవరికీ తెలీదు, రేగన్ పేరు అందరికీ తెలుసు.

పీఈటీ మేడమ్, భీమవరం:
ఇంతసేపూ మగవాళ్ల రైడ్ల గురించే మాట్లాడారు, మైకు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను అమ్మాయిల జట్టుని ఊరి టోర్నమెంట్లకి తీసుకెళ్తాను. పోయినసారి ఒకచోట (ఊరు చెప్పను) మా రైడర్ కోర్టులోకి దిగగానే మైకులో ఆయన పెళ్లిచూపుల జోకు వేశాడు. పడిపోతే ఇంకోటి. షార్ట్స్ మీద ఇంకోటి. ఆ పిల్ల రన్నింగ్ హ్యాండ్ టచ్ (పరిగెడుతూ చేత్తో తాకడం) బ్రహ్మాండంగా చేస్తుంది, ఆ రోజు గీత దగ్గరే తచ్చాడి ఖాళీగా వెనక్కి వచ్చేసింది. వాళ్ల నాన్నగారు జనంలో కూర్చుని అంతా విన్నారు. మర్నాటి నుంచి ప్రాక్టీస్‌కి పంపలేదు. నెలంతా ఇంటి చుట్టూ తిరిగితే గానీ మళ్లీ రాలేదు. బాబాయ్ గారూ, మీ హాస్యగాడు తన మీద తనే జోకు వేసుకుంటాడు, లేకపోతే ఊరి పెద్దల మీద వేస్తాడు. కోర్టులో మాట్లాడే వీల్లేని పిల్ల మీద వెయ్యడు. ఆ ముసలాడి రైడర్‌తో నాకు పేచీ లేదు, అతను ఎవరినీ ఏమీ అనడు. నా గొడవ అంతా మైకుతోనే.

పాలకొల్లు బాబాయ్:
అమ్మాయ్, అది కామెడీ కాదు, బూతు. దానికీ దీనికీ ముడి పెట్టకు.

పీఈటీ మేడమ్, భీమవరం:
మీరు పెట్టకపోయినా మైకులో ఆయన పెడుతున్నారు కదండీ. రెండింటికీ జనం ఒకేలా నవ్వారు, నేను అక్కడే ఉన్నాను.

రాజోలు కార్నర్:
ఆ రైడర్‌తో కలిసి ఆడినవాణ్ణి, ఒక మాట చెప్పనివ్వండి. వాడు మొదట్లో చాలా సీరియస్ ఆటగాడు. ఒక టోర్నమెంట్‌లో నిజంగానే కాలు మెలిక పడి కుంటుతుంటే జనం నవ్వారు, వీడు దాన్నే పట్టుకున్నాడు. ఇప్పుడు ఆడినా ఆడకపోయినా పిలిచి కవరు చేతిలో పెడతారు, జట్టులో మిగతా మాకు భోజనమే. అందుకు వాణ్ణి తప్పు పట్టను, ఇంట్లో ఇద్దరు చెల్లెళ్లు. కానీ స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి సెలక్షన్స్‌కి వెళ్తే అక్కడ కూర్చున్న ఆయన వీణ్ణి చూడగానే నవ్వేసి, ‘ఆ ముసలాడి నడక ఒకసారి చూపించు’ అన్నాడు. వాడు చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఉద్యోగం వేరేవాడికి వచ్చింది. మీరంతా ఆట పరువు గురించి కొట్టుకుంటున్నారు. ఆటకేమీ కాలేదు, చూడ్డానికి రెండింతల జనం వస్తున్నారు. పోయింది వాడి పేరే. తొడగొట్టి మామూలుగా రైడ్‌కి వెళ్తే ‘ఏంట్రా, ఇవాళ ఒంట్లో బాలేదా’ అని అరుస్తారు.

రావులపాలెం ఓపెనర్:
మరి మానేయొచ్చు కదా?

రాజోలు కార్నర్:
కవరు మీరిస్తారా?

ముమ్మిడివరం కుర్రోడు:
ఇదంతా కమిటీలో చదివి వినిపించానండి. అనుకున్నది ఇది. అతన్ని జట్టులోనే పిలుస్తున్నాం, డబ్బు విడిగా కాకుండా జట్టు మొత్తానికి ఇస్తాం. కూత ఆగితే విజిల్ పడుతుందని ముందే చెప్పేస్తాం, మాస్టారు గారు ఫైనల్‌కి రిఫరీగా రావాలి. అమ్మాయిల మ్యాచ్‌లకి మైకులో స్కోరు, పేర్లు తప్ప ఇంకో మాట ఉండదు. మిమిక్రీ ఆయనకి ఈ సంగతి ఫోన్ చేసి చెప్తే, ‘అయితే మగవాళ్ల మ్యాచ్‌లకి డబుల్ ఇవ్వండి’ అన్నాడు. దాని మీద మళ్లీ గొడవ నడుస్తోంది.

పాలకొల్లు బాబాయ్:
డబుల్ ఎందుకూ? సగం పని తగ్గింది కదా, సగమే ఇవ్వండి. కాదంటే నన్ను పిలవండి, భోజనం పెడితే చాలు.

విజిల్ మాస్టారు:
వస్తాను. కానీ మొదటి మ్యాచ్ నుంచీ నేనే ఉండాలి. ఫైనల్‌లో ఒక్కసారిగా కూత రూలు గుర్తొస్తే జనం ఊరుకోరు.