జనగణనలో మా అబ్బాయి మాతృభాష ఏమని రాయించాలి? మన గుర్తింపును మనమే నిర్ణయించుకోవచ్చా?

ప్రశ్న – హోసూరు కోడలు

అందరికీ నమస్కారం. మాది తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా, హోసూరు దగ్గరి పల్లె. మా పుట్టింట్లోనూ అత్తింట్లోనూ తరతరాలుగా తెలుగే మాట్లాడుతున్నాము. నేను పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలోనే చదువుకున్నాను. 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఆ నిబంధన ఏడాదికొక తరగతి చొప్పున పైకి పాకి పదో తరగతిని చేరుకున్న తరువాత బడిలో చేరినవాడు మా అబ్బాయి. వాడికిప్పుడు పన్నెండేళ్ళు, తెలుగు అక్షరాలు రావు. నేను తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిస్తాడు గానీ, చెల్లెలితో పోట్లాడేటప్పుడూ నిద్రలో కలవరించేటప్పుడూ వాడి నోట వచ్చేది తమిళమే.

2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు తీస్తారనీ, ఈసారి ఎవరి వివరాలను వారే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకునే వీలుంటుందనీ విని, మొన్న రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఎత్తాను. "నాకు తమిళమని రాయమ్మా" అన్నాడు. మా అత్తగారు రాగిముద్ద తుంచుతున్న చేయి ఆపి, "నీకు జోల పాడింది ఏ భాషలోరా?" అని అడిగారు. ఆ తరువాత ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు.

వాడు తన గురించి తాను చెప్పుకున్న మాటను కాదనే హక్కు నాకుందా? మనిషి తానెవరో తానే నిర్ణయించుకోవాలా, లేక పుట్టుకతో వచ్చిన దానిని ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ధర్మమా? 2011 లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పినవారు 42 లక్షల పైచిలుకు. ఆ అంకె తగ్గితే తెలుగు బడులు కావాలని, తెలుగు పంతుళ్ళు కావాలని అడిగే మా గొంతు కూడా తగ్గుతుందన్న భయం నాకుంది. ఆ భయంతో బిడ్డ మాటను పక్కన పెట్టడం సరైనదేనా అన్నది నాకు తేలడం లేదు.

జవాబు – విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

అమ్మా, 2011 ఫిబ్రవరిలో నేను ఎన్యూమరేటరుగా, అంటే ఇంటింటికీ తిరిగి జనాభా వివరాలు రాసుకునేవాడిగా పనిచేశాను కాబట్టి, ముందుగా నియమం చెబుతాను. జనగణనలో మాతృభాష అంటే పసితనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే పోయి ఉంటే, ఆ ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాష. ఎవరికి ఏ భాష ఎక్కువ వచ్చు, ఎవరు ఏ భాషలో చదివారు అన్నది ఆ ప్రశ్నకు సంబంధం లేని విషయం. వచ్చిన ఇతర భాషల కోసం దాని తరువాత వేరే ప్రశ్న ఉండేది, అందులో రెండు భాషలు రాసుకోవచ్చు. కనుక మీ అబ్బాయికి తెలుగు మాతృభాషగానూ, తమిళం వచ్చిన భాషగానూ రాయించడంలో ఎవరి మాటనూ తీసివేసినట్టు కాదు. మీ అత్తగారు జోల గురించి అడిగారు చూశారా, ఫారం అడుగుతున్నదీ సరిగ్గా అదే.

నా అభిప్రాయం అడిగితే, గుర్తింపు అన్నది మనం కూర్చుని తయారు చేసుకునే వస్తువు కాదు. మనకు ముందున్న వాళ్ళు చేతికిచ్చినది. దానిని మార్చుకునే స్వేచ్ఛ మీ అబ్బాయికి పెద్దయ్యాక ఎలాగూ ఉంటుంది. పన్నెండేళ్ళ వయసులో బడి స్నేహితుల మధ్య కలిసిపోవాలన్న కోరికను వాడి నిర్ణయంగా లెక్కపెట్టడం తొందరపాటు అవుతుంది.

ఒక సంగతి గుర్తొచ్చింది. ఆ లెక్కల్లో ఒక పెద్దావిడ భర్త పేరు నోటితో పలకలేక, మనవరాలిని పిలిచి చెప్పించింది. 1948 నాటి జనగణన చట్టమే, ఆచారం అడ్డుపడితే భర్త పేరు చెప్పనక్కర లేదని స్త్రీలకు వెసులుబాటు ఇచ్చింది. ప్రభుత్వమైనా మనిషిని ఎంతవరకు అడగవచ్చో ఒక హద్దు ఉందని నాకు ఆ రోజు తెలిసింది.

జవాబు – దూదేకుల ఇంటివాడు, నంద్యాల జిల్లా

మాస్టారూ, మీ మాట మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. "ముందువాళ్ళు చేతికిచ్చినది" అన్నారు. మా విషయంలో చేతికిచ్చినది ఏమిటో బయటివాళ్ళే నిర్ణయిస్తూ వచ్చారు. మేము దూదేకులవాళ్ళము. మా తాత భుజాన దూది ఏకే విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టినవాడు. ఆయన పేరు హుస్సేనప్ప. ఆ పేరులో ముందు సగం మసీదుది, వెనుక సగం ఊరిది. మా ఇంట్లో జోల తెలుగు, తిట్టు తెలుగు, చావు ఏడుపు తెలుగు.

అయినా 2011లో మా ఇంటికి వచ్చిన ఎన్యూమరేటరు మతం గడి నింపగానే, అడగకుండానే మాతృభాష దగ్గర ఉర్దూ అని రాసుకున్నారు. మా అమ్మ గడప లోపల నిలబడి, "మాకు ఉర్దూ రాదు సారూ, తెలుగని రాయండి" అన్నది. "మీరు ముస్లిములే కదమ్మా" అన్నారాయన. మతాన్ని బట్టి భాషను ఊహించకూడదనీ, చెప్పిన భాషనే రాయాలనీ ఎన్యూమరేటర్లకు ఇచ్చిన సూచనల పుస్తకంలోనే ఉందని నాకు తరువాత తెలిసింది. ఆ రోజు ఆ పుస్తకం మా అమ్మ చేతిలో లేదు. ఆమె మూడుసార్లు అదే మాట చెప్పిన తరువాతే ఆయన కొట్టివేసి దిద్దారు. చదువురాని మనిషి కావడం వల్ల, దిద్దినది తెలుగేనా అని నాచేత చదివించుకుని మరీ లోపలికి వెళ్ళింది.

అక్కా, అందుకే చెబుతున్నాను. తానెవరో తానే చెప్పుకోవడం మాలాంటివాళ్ళకు విలాసం కాదు. మనము చెప్పకపోతే ఇంకొకరు చెబుతారు. మీ అబ్బాయి మాటను కొట్టివేసే ముందు, తమిళమని ఎందుకు అన్నాడో ఒక్కసారి కూర్చోబెట్టి అడగండి. బడిలో "నువ్వు తెలుగువాడివి" అని వాడిని ఎవరైనా వేరు చేసి మాట్లాడారేమో కనుక్కోండి. అలా జరిగి ఉంటే వాడు చెప్పుకుంటున్నది తానెవరో కాదు, తప్పించుకునే దారి. ఆ రెండింటినీ ఒకటిగా చూడకూడదు.

జవాబు – తండా నుంచి, దేవరకొండ

పైన ఇద్దరూ ఫారంలో ఏమి రాయాలన్న దగ్గర ఆగారు. రాసిన తరువాత ఏమవుతుందో కూడా చూడాలి. మేము లంబాడాలము. మమ్మల్ని మేము గోర్ అనుకుంటాము, బయటివారిని కోర్ అంటాము. అమ్మను యాడి అంటాము. 2011లో మా భాషను మాతృభాషగా చెప్పినవారు 30 లక్షలకు పైనే ఉన్నారు. మేము చెప్పినట్టే ఎన్యూమరేటర్లు రాసుకున్నారు, అందులో లోపం లేదు. కానీ పట్టికలు వేసేటప్పుడు లంబాడీని హిందీ కింద కలిపి చూపారు. మా యాడికి హిందీలో ఒక్క వాక్యం రాదు.

తెలుగువారికి కూడా ఇందులో పాలు ఉంది. 8.11 కోట్ల మంది తెలుగువారని మనము గర్వంగా చెప్పుకునే అంకెలో, వడరి అని తమ భాష పేరు వేరుగా చెప్పుకున్న దాదాపు 2 లక్షల మంది కలిసి ఉన్నారు. వారిని ఎవరైనా అడిగారా?

ఇక జాబితాల సంగతి చూడండి. 1976 నాటి సవరణ చట్టంతో గానీ తెలంగాణ ప్రాంతపు లంబాడాలు షెడ్యూల్డు తెగల్లో చేరలేదు. అదే పాట, అదే అద్దాల రవిక ఉన్న మా బంధువులు కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి, అంటే బ్రిటిషువారు నేరస్థ జాతి అని వేసిన ముద్రను తరువాత తొలగించిన జాతి. ఒకే తల్లి పిల్లలకు సరిహద్దు దాటితే పేరు మారిపోతున్నది. మేము ఎవరమో మాకు తెలియక కాదు. మేము చెప్పుకున్నది ఒకటి, దాని మీద హక్కులు లెక్కగట్టేవారు రాసుకున్నది ఇంకొకటి. కాబట్టి మనల్ని మనము నిర్వచించుకోవాలా అని కాకుండా, ఆ నిర్వచనం ఎవరి చేతిలో ఎంతదాకా నిలుస్తుంది అని అడగాలని నాకనిపిస్తుంది. అలాగని చెప్పడం మానుకోమనడం లేదు. ఆ 30 లక్షల మంది గొంతు విప్పకపోయి ఉంటే, హిందీ కింద మా వరుస కూడా కనిపించేది కాదు.

ప్రశ్న అడిగినవారి మాట – హోసూరు కోడలు

అందరికీ నా కృతజ్ఞతలు. నంద్యాల తమ్ముడు చెప్పినట్టే నిన్న సాయంత్రం వాడిని అడిగాను. తరగతిలో హాజరు పిలిచేటప్పుడు మా ఇంటిపేరు విని ఇద్దరు పిల్లలు "గొల్టి" అంటారట. అది తెలుగు అన్న మాటను తిరగేసి చేసిన ఎగతాళి. రెండేళ్ళుగా అంటున్నారట, నాకు ఒక్కనాడూ చెప్పలేదు.

మాస్టారు చెప్పిన నియమాన్ని వాడికి వివరించాను, ఇతర భాషల గడిలో తమిళం వస్తుందని కూడా చెప్పాను. వెంటనే ఒప్పుకోలేదు. ఫిబ్రవరికి ఇంకా సమయం ఉంది, అంతదాకా ఒత్తిడి చేయనని మాటిచ్చాను. రాత్రి పడుకునే ముందు వాళ్ళ అవ్వ దగ్గరికి వెళ్ళి, తన పేరు తెలుగులో ఎలా ఉంటుందో రాసి చూపమన్నాడు. ఆమెకు రాయడం రాదు. ఇద్దరూ కలిసి నన్ను పిలిచారు.