బనానా ప్లగ్గుల్లో స్పీకర్ వైరు నిలవడం లేదు, ఎలా బిగించాలి?

అందరికీ నమస్కారం. హాల్లో ఏవీ రిసీవర్‌కి (స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) అయిదు స్పీకర్లు ఉన్నాయి. ఇన్నాళ్లూ వైరు కొసలు ఒలిచి, మెలిపెట్టి నేరుగా టెర్మినల్‌లో దూర్చేవాణ్ణి. మొన్న దుమ్ము దులుపుదామని రిసీవర్ ముందుకు లాగితే, వెంట్రుకంత రాగి పోగొకటి బయటికొచ్చి పక్క టెర్మినల్‌కి తగిలింది. ఆన్ చేయగానే షార్ట్ అయి, పాడవకుండా తనంతట తానే ఆగిపోయే ప్రొటెక్షన్‌లోకి వెళ్లిపోయింది. పోగు తీసేశాక పనిచేసింది గానీ, నా గుండె జారిపోయింది. అమ్మ రోజూ పొద్దున్నే పాటలు వినేది దీంట్లోనే.

అందుకే వైరు కొసకు బిగించి టెర్మినల్ రంధ్రంలో గుచ్చే 4 మిల్లీమీటర్ల బనానా ప్లగ్గులు తెచ్చాను, పక్కన రెండు బుల్లి స్క్రూలుండే రకం. వైరు 16 గేజి. ఒలిచి బిగిస్తే స్క్రూ మొన కింద పోగులు తెగిపోతున్నాయి, కాస్త లాగితే ఊడొస్తోంది. పోగుల్ని వెనక్కి మడిచి రెండింతల మందం చేస్తే పట్టు దొరికింది. ఇలా చేయొచ్చా? లేక కొసలకు ఫెర్రూల్ (చిన్న లోహపు గొట్టం) తొడిగి క్రింప్ చేయడం, అంటే నొక్కి బిగించడం మేలా?

మా వీధి మెకానిక్ కొసలకు సోల్డర్ పూసి స్క్రూ బిగించమన్నాడు. సోల్డర్ మెత్తన కదా, ఒత్తిడికి అణిగి కొన్నాళ్లకు వదులవుతుందని నా భయం. పెడితే ప్లగ్గులోనే పూర్తిగా సోల్డర్ చేయాలేమో.

ఇంకోటి. ఒక పోగుని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపించింది. అంటే రాగి పూత వేసిన అల్యూమినియమే. వెనక స్పీకర్లకు 8 మీటర్లు లాగాలి. ప్లగ్గులు పెట్టకముందే అసలు రాగి వైరుకి మారిపోమంటారా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.