అప్‌డేట్: బైబిల్‌లో అపొస్తలుల కార్యములు 15లోని నాలుగు నియమాలు

రక్తం, గొంతు పిసికి చంపిన జంతువు మాంసం, విగ్రహాలకు అర్పించినది, జారత్వం, ఈ నాలుగూ మానమని యెరూషలేములో తొలి సంఘ పెద్దల సభ అన్యజనుల (యూదులు కాని) విశ్వాసులకు రాసింది మనకూ వర్తిస్తుందా అని అడిగాను కదా. జవాబులు చదివాక లేవీయకాండం 17, 18 తిరగేశాను. అక్కడ ఇశ్రాయేలీయుల మధ్య ఉండే పరదేశులకూ దాదాపు ఇవే నియమాలు ఉన్నాయి! అంటే యూదులూ అన్యులూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికే ఇదంతా అనిపిస్తోంది. అపొస్తలుడు పౌలేమో కటికవాని అంగడిలో అమ్మేది ఏదైనా, విగ్రహాలకు అర్పించిందా అని అడగకుండా తినమన్నాడు (1 కొరింథీ 10:25). జారత్వం సంగతి వేరు, అందులో మినహాయింపు ఎక్కడా లేదు. సంఘాలూ ఒక్కమాట మీద లేవు: 692లో తూర్పు సంఘాల ట్రుల్లో సభ రక్తం తినొద్దంది, 1442లో కాథలిక్ సంఘపు ఫ్లోరెన్స్ సభ ఆ నియమానికి కారణం పోయింది కాబట్టి అక్కర్లేదంది. నేను రెండో వైపే, కానీ రక్తం తినని స్నేహితుడి ముందు మాత్రం తినను.