ఊర్లో కుక్కలకు మందు పెట్టిండ్రు. ఫిర్యాదు ఎట్ల నిలబడుతది?

కాకతీయ కాలువ (ప్రశ్న)

హనుమకొండ జిల్లాల మాది చిన్న గ్రామ పంచాయతీ. నిన్న పొద్దుగాల వాటర్ ట్యాంకు కాడ, బడి వెనుక కలిపి ఇరవై దాకా కుక్కలు నోట్ల నురగతోటి చచ్చిపడి ఉన్నయి. మధ్యాహ్నానికి ట్రాక్టర్ల ఏసుకపోయి చెరువు శిఖంల బొంద తీసి పూడ్చిండ్రు. తుమ్మచెట్ల కింద ఇంకో రెండు కళేబరాలు ఎవరూ చూడక మిగిలినయి. ఒకటి ఇంకా పాణంతోనే కొట్టుకుంటున్నది. స్టేషన్ల "వీధికుక్కలకు ఓనరెవరు, పంచాయతీల తేల్చుకోండి" అన్నరు. పంచాయతీల అడిగితే "సుప్రీంకోర్టే తియ్యమన్నది" అంటున్నరు. మందు పెట్టినోళ్లను కండ్లారా చూసినోళ్లు లేరు. ఇప్పుడు మొదలు ఏ పని చెయ్యాలె? తెలిసినోళ్లు వివరంగ చెప్పండి.

మామునూరు రోడ్డు

ముందు బతికున్న కుక్క సంగతి. 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం అడగండి. మండల పశువైద్యశాల దగ్గరలో ఉంటే అక్కడికే తీసుకెళ్లండి. నోట్లో పాలు, నూనె, చింతపండు పులుసు, ఉప్పునీళ్లు ఏవీ పోయొద్దు. ఊళ్లలో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. ఫిట్స్‌తో కొట్టుకునే కుక్క నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలలో, నూనెలో ఉండే కొవ్వు వల్ల కొన్ని విషాలు ఇంకా తొందరగా ఒంట్లోకి ఎక్కుతాయి. నీడలో, చప్పుడు లేని చోట గోనెసంచి మీద పక్కకు పడుకోబెట్టండి, తల కొంచెం కిందికి ఉండాలి. మూతి కట్టొద్దు. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, లేకపోతే పాలిథిన్ కవర్లు తొడుక్కోండి.

డాక్టరుకు మూడు విషయాలు చెప్పండి: ఎంతసేపటి నుంచి ఇట్లా ఉంది, జొల్లు కారుతోందా, కంటిపాప సూదిమొనంత చిన్నగా అయిందా. జొల్లు, విరేచనం, కండరాల అదురు, చిన్నబోయిన కంటిపాప, ఇవన్నీ కలిసి ఉంటే పంటకు వాడే పురుగుమందు అయ్యుండవచ్చు, దానికి విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు. అలికిడి అయినప్పుడల్లా ఒళ్లు బిగుసుకుపోతుంటే అది వేరే రకం విషం, వైద్యం కూడా వేరు. మందు ఏదో తెలియకుండా మెడికల్ షాపు నుంచి సూది తెచ్చి మీరే పొడవొద్దు.

ఇక ఆ రెండు కళేబరాలు. మీ కేసు మొత్తం వాటి మీదే ఉంది. మన ఎండకు ఒక్క రోజులో ఉబ్బిపోతాయి. కదిలించకముందే ఫోటోలు తీయండి: దూరం నుంచి ఒకటి (ట్యాంకో, కరెంటు స్తంభమో కనిపించాలి), దగ్గర నుంచి ఒకటి, నోరు, కళ్లు, పక్కన పడి ఉన్న వాంతి, తిండి ముక్కలు. తర్వాత గోనెసంచిలో పెట్టి చుట్టూ ఐస్ వేయండి. ప్లాస్టిక్‌లో బిగించి ఎండలో ఉంచితే ఇంకా తొందరగా కుళ్లుతుంది.

పోలీసు లేఖ లేకుండా కేసుకు పనికొచ్చే పోస్టుమార్టం పశువైద్యుడు సాధారణంగా చేయడు. అందుకే స్టేషన్‌లో "కేసు కట్టండి" అని మాత్రమే అడిగి రాకండి. "పోస్టుమార్టం కోసం వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌కు లేఖ ఇవ్వండి" అని దరఖాస్తులోనే రాయండి.

శాంపిల్స్ దగ్గర చెడిపోయే కేసులే ఎక్కువ. విషపరీక్షకు కడుపు అందులోని పదార్థంతో సహా, కాలేయం ముక్క, మూత్రపిండం వేర్వేరు సీసాల్లో తీయాలి. నిల్వకు వాడాల్సింది ఫార్మలిన్ (శరీర భాగాలు కుళ్లకుండా వాడే ద్రావణం) కాదు, ఉప్పునీళ్లు. మామూలు ఉప్పును ఇక కరగనంత వరకు కలపాలి, లీటరు నీళ్లకు దాదాపు 360 గ్రాములు పడుతుంది. ఫార్మలిన్‌లో వేస్తే చాలా విషాలు పరీక్షకు దొరకవు. వాడిన ఉప్పునీళ్లు విడిగా ఒక సీసాలో పంపాలి, లేకపోతే రేపు కోర్టులో "విషం ఉప్పులోనే ఉందేమో" అంటారు. ఎలుకల మందు, అంటే జింక్ ఫాస్ఫైడ్ అనుమానం ఉంటే సీసా మూత గాలి చొరకుండా బిగించాలి, ఎందుకంటే కడుపులో పుట్టే ఫాస్ఫీన్ వాయువే సాక్ష్యం, అది ఎగిరిపోతుంది. వెల్లుల్లి వాసన వస్తుందేమో అని దగ్గర ముక్కు పెట్టకండి, ఆ వాయువు మనిషికీ విషమే.

"రేబిస్‌తో చచ్చాయి" అని ఎవరైనా అంటే జవాబు ఇది: రేబిస్ ఒకే రాత్రి ఇరవై కుక్కలను ఒకేసారి పడేయదు. అయినా ఏ కళేబరాన్నీ ఒట్టి చేతులతో ముట్టొద్దు.

కోర్టు మెట్లు

మామునూరు రోడ్డు చెప్పినదాని తర్వాత కాగితం పని.

ఓనరు ఎవరన్నది జంతు హింస నిరోధక చట్టం 1960కి పట్టదు. సెక్షన్ 11(1)(ఎల్) వీధికుక్కలను పేరు పెట్టి మరీ చెబుతుంది: గుండెలోకి స్ట్రిక్నిన్ అనే విషం సూదితో గానీ, అనవసరంగా క్రూరమైన ఇంకే పద్ధతిలో గానీ చంపడం నేరం. అదే చట్టం సెక్షన్ 31 ప్రకారం ఈ (ఎల్) క్లాజు కాగ్నిజబుల్, అంటే పోలీసు మెజిస్ట్రేటు అనుమతి లేకుండానే కేసు కట్టవచ్చు. సెక్షన్ 11 మొత్తం నాన్-కాగ్నిజబుల్ అనుకుని పంపేస్తుంటారు. దరఖాస్తులో "11(1)(ఎల్), సెక్షన్ 31తో కలిపి" అని అక్షరాలా రాయండి.

ఈ చట్టంలో మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. నవ్వొస్తుంది కానీ నిజం. అందుకే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కూడా అడగాలి. ఏ జంతువునైనా చంపడం, విషం పెట్టడం, అంగవైకల్యం చేయడం దాని కిందికి వస్తాయి, అయిదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీ 428, 429ల్లో జంతువు విలువ పది రూపాయలు, యాభై రూపాయలు ఉండాలన్న లెక్క ఉండేది. 2024 జూలై 1 నుంచి ఆ లెక్క పోయింది. ఎదుటి వకీలు ఇక్కడ పట్టుకునేది ఒకటే: "నష్టం ఎవరికి?" సెక్షన్ 324 నిర్వచనంలో నష్టం ప్రజలకు గానీ, ఏ వ్యక్తికైనా గానీ అని ఉంది. చచ్చినవాటిలో ఎవరైనా సాకిన కుక్క ఉంటే, గొర్రెల మంద కాపలాదో, మక్కచేను కాపలాదో, ఆ మనిషితో విడిగా సంతకం పెట్టించండి. ఒక్క సంతకంతో వాదన బరువు మారిపోతుంది.

సర్పంచ్ పేరు, కార్యదర్శి పేరు కోపంలో రాయకండి. కళ్లారా చూసినవాళ్లు లేనప్పుడు "గుర్తు తెలియని వ్యక్తులు" అనే రాయాలి. చూసింది మాత్రం ఎంత చిన్నదైనా వదలకండి: ఎన్ని గంటలకు, ఏ రంగు ట్రాక్టరు, నంబరు, బొంద ఎక్కడ, దారిలో ఎవరి ఇంటి ముందు సీసీ కెమెరా ఉంది. కెమెరా రికార్డు చాలా చోట్ల కొద్దిరోజుల్లోనే దాని మీద అదే మళ్లీ ఎక్కిపోతుంది, కాబట్టి ఆ ఇంటాయనను ఈరోజే అడగండి.

వీడియోలు వాట్సాప్‌లో పంపుకుని అసలును తుడిచేయొద్దు. వాట్సాప్ ఫైలును కుదించేస్తుంది, తీసిన సమయం వివరాలు పోతాయి. తీసిన ఫోనులోనే అసలు ఉంచండి. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ కావాలి, దాంట్లో పార్ట్ ఎ వీడియో తీసిన మనిషిది, పార్ట్ బి నిపుణుడిది.

ఒక మెలిక. మూడేళ్లు గానీ అంతకు పైన గానీ, ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ స్థాయి అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 173(3)లో ఉంది. 325 ఆ లెక్కలోకి వస్తుంది. "విచారణ చేస్తున్నం" అంటే కాదనలేరు. కానీ 14 రోజుల్లో కళేబరం మట్టిపాలవుతుంది. అందుకే మామునూరు రోడ్డు చెప్పినట్టు పోస్టుమార్టం లేఖను విడి విన్నపంగా పెట్టండి.

స్టేషన్‌లో తీసుకోకపోతే అదే దరఖాస్తు 173(4) కింద పైఅధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. వరంగల్ కమిషనరేట్ పరిధి అయితే డీసీపీకి, కమిషనర్‌కు. ఆ రసీదు పెట్టుకుని 175(3) కింద మెజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. ముందు పోస్టు పంపకుండా నేరుగా కోర్టుకు పోతే వెనక్కి పంపిస్తారు.

సుప్రీంకోర్టు మాట. 2025 ఆగస్టు 22 ఉత్తర్వు పట్టుకున్న కుక్కకు సంతాన నిరోధక ఆపరేషన్, టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలమంది. రేబిస్ ఉన్నవీ, ఉన్నట్టు అనుమానం ఉన్నవీ, మీదపడి కరిచే స్వభావం ఉన్నవీ మాత్రమే మినహాయింపు. నవంబర్ 7 ఉత్తర్వు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి తీసి షెల్టర్‌కు మార్చమంది. రెండింట్లో ఎక్కడా చంపమని లేదు. "తియ్యమన్నది" అన్న ముక్క సగం నిజం, మిగతా సగం వాళ్లే కలిపారు.

కాకతీయ కాలువ

శాన థ్యాంక్స్ అన్నా. కుక్కను దవాఖానకు పట్టుకపోయినం, సూదులు ఇచ్చిండ్రు. బొందల పూడ్చినయి మేమే తవ్వి తియ్యొచ్చునా? జేసీబీ ఉన్నది.

కోర్టు మెట్లు

వద్దు. మీరు తవ్వితే రేపు "వాళ్లే తెచ్చి వేసుకున్నారు" అంటారు. పోలీసు, పశువైద్యుడు, ఇద్దరు పంచులు (సాక్షులు) ఉండగా పంచనామా రాసి తవ్వాలి. అప్పటిదాకా బొందకు నాలుగు దిక్కుల నుంచి ఫోటో తీసి లొకేషన్ పెట్టుకోండి. చూసినవాళ్లను ఇద్దరిని దరఖాస్తులో సాక్షులుగా రాయండి.

మామునూరు రోడ్డు

బొందలో ఉప్పో సున్నమో పోసి ఉంటే దాని మట్టి కూడా విడిగా శాంపిల్ తీయమనండి. పదిరోజులు దాటినా అన్ని విషాలూ పోవు, కుళ్లింది కదా అని వదిలేయకండి. ప్రతి కళేబరానికీ నంబరు వేయాలి, సీసాల మీద అదే నంబరు ఉండాలి.

గట్టమ్మ తోవ

కేసు పెట్టండి, కాదనను. కానీ కేసుతో ఆగితే ఆర్నెల్లలో మళ్లీ మందు పెడతారు. బడిపిల్ల కరువబడ్డ ఇంటికి పోయి సెక్షన్లు చెప్తే వినరు. వాళ్ల భయం అబద్ధం కాదు.

గ్రామసభలో పనికొచ్చే మాట వేరే ఉంది. కరిచిన కుక్కను పది రోజులు కట్టి చూస్తే అది బతికే ఉంటే రేబిస్ లేనట్టు. చంపేస్తే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. కరువగానే 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. చర్మం చీలి రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే సూది) కావాలి, దాని కోసం వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకా పోవాల్సి రావచ్చు. టీకా డోసులు మధ్యలో మానొద్దు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులు.

మందు పెట్టడం ఎందుకు పనిచేయదంటే, ఊరి కుక్కలు చచ్చిన చోటికి పక్క ఊరి కుక్కలు వస్తాయి, వాటికి టీకా ఉండదు. పైగా మందు కలిపిన ముక్క తినేది వీధికుక్క ఒక్కటే కాదు. గొల్లవాళ్ల మంద కుక్క, పిల్లి, కాకి, నెమలి కూడా తింటాయి. నెమలి చచ్చిందంటే అది అటవీశాఖ కేసు.

ఆపరేషన్ల లెక్క. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఇది స్థానిక సంస్థ బాధ్యత. చిన్న పంచాయతీ ఒక్కటే కేంద్రం పెట్టలేదు. నాలుగైదు పంచాయతీలు కలిసి తీర్మానం చేసి ఎంపీడీవో ద్వారా దగ్గరి పట్టణ కేంద్రానికి పంపే ఏర్పాటు అడగాలి. మీ ఊర్లో 120 కుక్కలున్నాయనుకోండి, కనీసం 84కు, అంటే నూటికి డెబ్భైకి, ఒకే విడతలో కావాలి. నెలకు పది చొప్పున చేస్తే దండగ. ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, రెండు నెలల్లో ఈనుతుంది, మీరు పది చేసేలోపు పిల్లలు పుడతాయి. రోజుకు పన్నెండు చొప్పున వారం పడుతుంది. ముందు ఆడకుక్కలను పట్టండి.

గండి పడేది పట్టే దగ్గర, వదిలే దగ్గర. ఇనుప పట్టుకారుతో మెడ పట్టొద్దు, వల వాడాలి. ఏ వాడలో పట్టారో అప్పుడే పట్టీ మీద రాయాలి. లేకపోతే పది ఊళ్ల కుక్కలు కలిసిపోయి ఎక్కడ పడితే అక్కడ వదిలేస్తారు, కొత్త చోట కుక్కలు కొట్టుకుంటాయి, కరుస్తాయి, పంచాయతీ "చూసినరా" అంటుంది. ఆపరేషన్ తర్వాత కనీసం నాలుగు రోజులు ఉంచుకోవాలి. వానాకాలంలో బురదకు కుట్లు చీము పడతాయి కాబట్టి చలికాలం మేలు. పిల్లలకు పాలిచ్చే తల్లిని, ఆర్నెల్ల లోపు పిల్లను ఆపరేషన్‌కు పట్టొద్దు.

డబ్బు లేదంటే టీకాతో మొదలుపెట్టండి. జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు వచ్చే రోగాల దినం) నాడు పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఐస్ బాక్సు లేకుండా బైకు డిక్కీలో ఊరంతా తిప్పిన సీసాను కుక్కకు పొడిచినా ఒకటే, పొడవకున్నా ఒకటే.

కాకతీయ కాలువ

మందు పంచాయతీ పైసలతోటి కొన్నరని ఊర్ల అనుకుంటున్నరు. అది ఎట్ల బయటపడుతది?

కోర్టు మెట్లు

సమాచార హక్కు దరఖాస్తు. గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10. "కుక్కలను ఎవరు చంపారు" అని అడగకండి, అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. ఈ నెలా పోయిన నెలా పంచాయతీ తీర్మానాల పుస్తకం నకళ్లు, క్యాష్ బుక్ నకళ్లు, పారిశుద్ధ్యం పద్దు కింద చెల్లించిన వోచర్లు, ట్రాక్టరు డీజిల్ లాగ్ బుక్, ఇవి అడగండి. ఆరోజు ట్రాక్టరు చెరువు వైపు ఎందుకు పోయిందో డీజిల్ పుస్తకంలో ఏదో ఒకటి రాసుకోక తప్పదు. జవాబుకు 30 రోజులు. అదే దరఖాస్తు నకలు సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి.

రోజులు లెక్కపెట్టుకోండి. 1960 చట్టం సెక్షన్ 36 ప్రకారం నేరం జరిగిన మూడు నెలల లోపే ప్రాసిక్యూషన్ మొదలవ్వాలి. సమాచార హక్కు 30 రోజులు, అప్పీలు ఇంకో 30 అంటూ కూర్చుంటే అది దాటిపోతుంది. ఆ కాగితాలు తర్వాత కలుపుకోవచ్చు, పోలీసు దరఖాస్తు మాత్రం ఈరోజే ఇవ్వండి.