పండగ పూట కరెంటు: మన కదిరి వైపు పాత కరెంటు సొసైటీలు ఉండి ఉంటే ఈ గతి పట్టేదా?

బోరుబావి
మొన్న ఆయుధ పూజ సాయంత్రం మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. విజయదశమి మొత్తం చీకట్లోనే గడిచింది, మర్నాడు మధ్యాహ్నానికి గానీ కరెంటు రాలేదు. 1912కు ఫోన్ చేస్తే కంప్లైంట్ నంబరు ఇచ్చి ఊరుకున్నారు. చివరికి ఇంటికింత అని చందా వేసుకుని, ట్రాక్టర్ మాట్లాడుకుని, కాలిన దాన్ని మేమే ఎక్కించుకుపోయి మార్పించుకొచ్చాం. దించేటప్పుడు ఆయిల్ కారి ట్రాలీ అంతా జిడ్డు, ఆ కడుగుడు ఖర్చు కూడా మా మీదే వేశాడు ట్రాక్టర్ ఆయన.

ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ మన వైపు ఒకప్పుడు కరెంటు సొసైటీలు ఉండేవి. కదిరి ఈస్ట్, కదిరి వెస్ట్ అని రెండు, కడప జిల్లాలో రాయచోటి ఒకటి, చిత్తూరులో కుప్పం ఒకటి, ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద తొమ్మిది. షేరు కట్టి సభ్యులమైంది మనమే. కరెంటు బోర్డు దగ్గర కరెంటు టోకున కొని ఊళ్ళకు పంచేవాళ్ళు. తర్వాత మన కదిరివి డిస్కంలో, అంటే ప్రభుత్వ కరెంటు పంపిణీ కంపెనీలో, కలిపేశారు. అవే ఉండి ఉంటే పండగ పూట ఇట్లా వదిలేసేవాళ్ళా? నిజం చెప్పండి.

లెక్కల మాస్టారు
కాలింది సాయంత్రం ఐదింటికి అనుకుందాం, వచ్చింది మర్నాడు కాక ఆ మర్నాడు పన్నెండుకు. అంటే 43 గంటలు. విద్యుత్ నియంత్రణ మండలి పెట్టిన ప్రమాణాల ప్రకారం ట్రాన్స్‌ఫార్మర్ పోతే పట్టణాల్లో 24 గంటల్లో, గ్రామాల్లో 48 గంటల్లో మార్చాలి. మీది గడువు లోపలే అయింది. చందా సంగతి వేరు, అది తప్పే.

బోరుబావి
మా ఊరు మున్సిపాలిటీని ఆనుకునే ఉంది సామీ. మధ్యలో ఒక్క వంక అడ్డం, అంతే. ఆ వంకకు అవతల 24, ఇవతల 48 అంటే ఏం న్యాయం? పైగా మేం ట్రాక్టర్ పెట్టుకోకపోతే అది 43లో వచ్చేదా?

లెక్కల మాస్టారు
వంక ఇవతల ఉంటే గ్రామమే. రూలు అది.

మల్లెపూల అంగడి
పండగ రోజు ఈ గంటల లెక్కలేంది అన్నా. మా అంగట్లో ఫ్రిజ్ ఆగి రెండు బుట్టల పూలు నల్లబడిపోయినాయి, దానికి ఏ రూలు ఉందో చెప్పండి.

టెక్సాస్ తమ్ముడు
నేను ఉండేది అమెరికాలో, మా ఇంటికి కరెంటు ఇచ్చేది సభ్యుల కో-ఆపరేటివే. ఇక్కడ ఇలాంటివి 900 దాకా ఉన్నాయి. 1935లో రూజ్వెల్ట్ ప్రభుత్వం పల్లెలకు కరెంటు అని మొదలుపెట్టినప్పుడు ప్రైవేటు కంపెనీలు దూరం ఊళ్ళకు లైన్లు లాగం, గిట్టదు అంటే, రైతులే సొసైటీలు పెట్టుకుని అప్పు తెచ్చి లాగించుకున్నారు. ఏడాది ఖర్చులు పోను మిగిలింది లాభం అనరు, ఎవరు ఎంత కరెంటు వాడారో దాన్ని బట్టి సభ్యుల పేర్ల మీద రాసి పెట్టి కొన్నేళ్ళకు తిరిగి ఇస్తారు. చాలాచోట్ల డిసెంబర్‌లో, క్రిస్మస్ ముందు బిల్లులో తగ్గిస్తారు. ఇంకోటి, బిల్లును పై డాలరుకు సరిచేసి ఆ చిల్లరను నిధిగా పెట్టి లేనివాళ్ళకు సాయం చేస్తారు, సౌత్ కరోలినాలో పామెట్టో ఎలక్ట్రిక్ అనే సొసైటీ 1989లో మొదలుపెట్టింది.

అసలు మన దేశంలో కరెంటు సొసైటీలు మొదలైంది కూడా ఈ అమెరికా వాళ్ళ సాయంతోనే. 1969లో రూరల్ ఎలక్ట్రిఫికేషన్ కార్పొరేషన్ పెట్టాక అయిదుచోట్ల ప్రయత్నం చేశారు, మన సిరిసిల్ల అందులో ఒకటి, 1970. అది ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి బోరుబావి అన్న చెప్పినదాంట్లో తప్పు లేదు, మనం పోగొట్టుకున్నాం.

రాయచోటి మామ
తమ్ముడూ, మీ టెక్సాస్‌లోనే 2021 ఫిబ్రవరి చలికి కరెంటు పోయి జనం గడ్డకట్టుకుపోతే ఏ సొసైటీ కాపాడింది? బ్రజోస్ అనే పెద్ద కో-ఆపరేటివ్ ఆ దెబ్బకు మార్చిలో దివాలా పిటిషన్ వేసింది కదా. అది చెప్పకుండా క్రిస్మస్ తగ్గింపు మాత్రం చెప్తావు.

ఇక మన సంగతి. మా అబ్బ ఒక సొసైటీలో షేరు కట్టినాడు. ఏదో చెప్పను, ఇప్పుడు అది లేదు కూడా. రసీదు ట్రంకు పెట్టెలో ఇంకా ఉంది, ఇంత పసుపు కాగితం, మీద రబ్బరు స్టాంపు. ఎన్నికలు వచ్చినప్పుడు ఓటు వేయడానికి పోతే జాబితాలో పేరే లేదన్నారు. రసీదు చూపించినా లేదన్నారు. ఎందుకు లేదో ఊరందరికీ తెలుసు, ఆయన అప్పుడు అవతలి గుంపులో తిరుగుతుండె. ఎండీ ఏమో బోర్డు నుంచి వచ్చిన ఇంజనీరు, పాలకవర్గమేమో పార్టీ వాళ్ళు, ఇంక సభ్యుడు ఎక్కడున్నాడప్పా మధ్యలో? సిరిసిల్ల సిరిసిల్ల అంటావు, 2022 డిసెంబర్‌లో అక్కడ ఎన్నికలు చూసినావా? పదిహేను డైరెక్టరు సీట్లకు పార్టీలు దిగి అసెంబ్లీ ఎన్నికల మాదిరి కొట్లాడుకున్నాయి.

బోరుబావి
మామా, షేరు డబ్బు గురించి కాదు నేను అడిగేది. పండగ పూట కరెంటు పోతే ఎవరిని అడగాలి అన్నది నా ప్రశ్న. ఇప్పుడు ఫోన్లో ఎవరో తిరుపతిలో కూర్చుని మాట్లాడతారో, యాడ కూర్చుని మాట్లాడతారో కూడా తెలియదు. అప్పుడు ఆఫీసు మన మధ్యనే ఉండేది.

రాయచోటి మామ
మధ్యనే ఉండేది, తాళం వేసి.

లెక్కల మాస్టారు
ఇంకో సంగతి. 2014లో రాష్ట్రం విడిపోయేదాకా అనంతపురం, కర్నూలు హైదరాబాదు డిస్కం కింద ఉండేవి, ఆ తర్వాతే తిరుపతి డిస్కంలోకి వచ్చాయి. తిరుపతి దూరం అంటున్నారు, అంతకుముందు ఇంకా దూరం.

మల్లెపూల అంగడి
మాస్టారూ దండం.

బోరుబావి
సరే, సూటిగా చెప్తా. మా చిన్నప్పుడు పీర్ల పండగ రాత్రి గుండం చుట్టూ జనం నిలబడి ఉండగా కరెంటు పోయింది. ఇద్దరం కుర్రాళ్ళం సైకిల్ మీద హెల్పర్ ఇంటికి పోయి తలుపు కొడితే, ఆయన నిద్ర మొహంతోనే లుంగీ మీద చొక్కా తగిలించుకుని, కటింగ్ ప్లేయర్ ఒకటి పట్టుకుని మా సైకిల్ వెనకే కూర్చుని వచ్చేశాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఏబీ స్విచ్ దించి, ఫీజు వైరు కట్టి, మళ్ళీ ఎత్తాడు. పీర్లు లేచే వేళకు లైట్లు వచ్చాయి. పండగా పబ్బమా అని చూసేవాడు కాదు ఆ మనిషి. సొసైటీ అంటే నాకు గుర్తొచ్చేది అది. ఇప్పుడు ఒక్కడన్నా అట్లా వస్తాడా?

టెక్సాస్ తమ్ముడు
అదే అన్నా, తన మనుషులు అనే భావం.

ధర్మవరం మగ్గం
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. మా నాన్న అటువంటి సొసైటీలోనే హెల్పర్. బోరుబావి అన్న చెప్పిన మనిషి కాకపోవచ్చు, కానీ అదే లుంగీ, అదే కటింగ్ ప్లేయర్. గ్లౌజులు చూసిన గుర్తు నాకు లేదు. సబ్‌స్టేషన్‌కు చెప్పి ఎల్‌సీ, అంటే లైన్లో కరెంటు ఆపామన్న మాట, తీసుకుని స్తంభం ఎక్కాలి, పండగ రాత్రి సబ్‌స్టేషన్‌లో ఫోన్ ఎత్తేవాడు ఉండడు, ఎక్కకపోతే ఊరోళ్ళు ఊరుకోరు. పెళ్ళి ఇంటి వాళ్ళో గుడి వాళ్ళో జనరేటర్ పెట్టి మెయిన్ తీయకుండా నడిపితే ఆ కరెంటు వెనక్కి లైన్లోకి వస్తుంది. మా నాన్నకు ఒకసారి అట్లాగే తగిలింది. కుడి చేతి రెండు వేళ్ళు మడతపడవు. మంచం మీద ఉన్నన్ని రోజులూ జీతం రాలేదు, ఆయన రోజు కూలి కింద ఉన్నాడు కాబట్టి.

తలుపు కొడితే లేచి వచ్చేవాడు అంటున్నారు. ఎవరు కొడితే? పెద్ద మిద్దె వాళ్ళు మనిషిని పంపితే ఉగాది నాడు ఓళిగ విస్తట్లోనే వదిలి పోయేవాడు. మా కాలనీలో ఫీజు పోతే తెల్లారేదాకా ఆగేవాళ్ళం, లైన్ మీద పనిచేసే మనిషి మా ఇంట్లోనే ఉన్నా సరే, ఎందుకంటే ముందు ఊళ్ళో చూసి రమ్మని పైనుంచి మాట. షేరు కట్టిన ప్రతివాడూ ఆయన్ను పేరు పెట్టి ఒరే అనేవాడు. మీకు కావలసింది సొసైటీ కాదన్నా, తలుపు కొడితే ఎదురు మాట్లాడకుండా లేచే మనిషి.

మల్లెపూల అంగడి
అక్కా కరెక్టుగా చెప్పినావు.

బోరుబావి
అమ్మా, నేను పెద్ద మిద్దె వాణ్ణి కాదు. మాది మట్టి మిద్దె. మీ నాన్నగారికి జరిగినదానికి బాధగానే ఉంది, కానీ ఆ రాత్రి వచ్చినాయన మా ఇంట్లో టీ తాగి నవ్వుతూ పోయాడు. అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఎట్లా? పిలిస్తే పలికే మనిషి ఊళ్ళో ఉండాలని కోరుకోవడం కూడా తప్పేనా?

ధర్మవరం మగ్గం
నవ్వకుండా ఎట్లా పోతాడు, మర్నాడు మళ్ళీ మీ ఊళ్ళోనే కదా బిల్లులు వసూలు చేయాలి.

రాయచోటి మామ
దెబ్బ తగలాల్సిన చోట తగిలింది.

బోరుబావి
మామా, నువ్వు నీ ట్రంకు పెట్టె దగ్గరే ఉండు.

టెక్సాస్ తమ్ముడు
కోపాలు వద్దు. ఇక్కడ పండగ రాత్రికి ఎవరు డ్యూటీలో ఉండాలో ముందే రాసి పెట్టుకుంటారు, పిలిచి పని చేయిస్తే మామూలు కన్నా ఎక్కువ కడతారు. ఒంటరిగా స్తంభం ఎక్కనివ్వరు. మనకూ అలా పెట్టొచ్చు కదా, సొసైటీ అయినా డిస్కం అయినా.

ధర్మవరం మగ్గం
అదే నేను అడిగేది. పండగ రాత్రి సెక్షన్‌కు ఇద్దరు, బండి, గ్లౌజులు, రెట్టింపు జీతం. ఆ డబ్బు సభ్యుల దగ్గర నుంచే రావాలి. పాత సొసైటీ మళ్ళీ వస్తే బిల్లు మీద నెలకు ఇరవై రూపాయలు ఎక్కువ కడతారా, ఆ ఒక్కటి చెప్పండి.

రాయచోటి మామ
ఎవరు కడతారమ్మా? 2004 నుంచి మోటార్లకు బిల్లే లేదు. ఇంటి మీటరున్నోడే అన్నీ మోయాలి. బోరుబావికి రెండు మోటార్లు ఉన్నాయని పోయిన ఏడాది ఇక్కడే రాసుకున్నాడు.

బోరుబావి
ఇప్పుడు రైతు మీదికి వచ్చిందా? వేరుశనగ ఎండిపోతుంటే రాత్రీ పగలూ అని లేకుండా కరెంటు కోసం కాచుకునేది ఎవరు? ఆ డబ్బు ప్రభుత్వం కడుతుంది, నీ జేబులోంచి కాదు. మేమూ ఇంటికి బిల్లు కడుతున్నాం.

ధర్మవరం మగ్గం
ఇరవై రూపాయల సంగతి చెప్పలేదన్నా.

బోరుబావి
ఇప్పుడున్న బిల్లులోనే అన్నీ ఉండాలి. సర్దుబాటు చార్జీ అని ఒకటి, ఫిక్స్‌డ్ చార్జీ అని ఒకటి, ఇప్పటికే కడుతున్నాం. ఇంకా ఎందుకు కట్టాలి?

లెక్కల మాస్టారు
ఉన్నదాంట్లోనే అంటే ఇద్దరు మనుషులు రారు. ఒక్కడే వస్తాడు.

బోరుబావి
ఒక్కడు వచ్చినా చాలు.

ధర్మవరం మగ్గం
చాలు మీకు.